కూజా మొక్కను మన ఇళ్ళలో పెంచడం: నులితీగ కొసను చూసి చోటు ఎంచుకునే పద్ధతి

నర్సరీలో వేలాడే కుండీ నిండా, పురుగుల్ని పట్టి తినే ఎర్రటి కూజాలు దిగిన మొక్కను చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్నవారిలో చాలామందికి ఒకే అనుభవం ఎదురవుతుంది. మూడు నాలుగు వారాల్లో కూజాలు ఒక్కొక్కటిగా మూత దగ్గర మొదలై కిందికి గోధుమరంగుకు తిరుగుతాయి. రెండో నెల వచ్చేసరికి ఆకులు మాత్రమే మిగులుతాయి. మొక్కకు ఆకలిగా ఉందేమోనన్న అనుమానంతో ఈగల్ని చంపి వేయడం, కుండీలో వర్మీకంపోస్టు కలపడం, పూటపూటా నీళ్ళు పోయడం మొదలుపెడతాం. నా మొదటి మొక్కను నేను ఈ వరుసలోనే పోగొట్టుకున్నాను. కుండీ బోర్లించి చూస్తే వేళ్ళు మెత్తబడి చేతికి ఊడి వచ్చాయి. ఆ మొక్కకు ఆకలి లేదు, దాహమూ లేదు. అది కోరుకున్నది తేమ ఉన్న గాలి, ఉప్పు లేని నీరు, తగినంత వెలుతురు మాత్రమే.

పాత కూజాలు ఎండడాన్ని జబ్బుగా భావించకూడదు. ఒక్కొక్క కూజా ఆయుష్షు కొన్ని నెలలే, పైగా అవన్నీ నర్సరీలోని షేడ్ నెట్ కింద, నిండు తేమలో పుట్టినవి. మన ఇంటి గాలి మొక్కకు సరిపడిందా లేదా అన్నది కొత్త ఆకు చివర ఉన్న నులితీగ కొస చెబుతుంది. ఆకు మధ్య ఈనె ఆకును దాటి సన్నటి తీగలా సాగి, దాని కొసన ఆవగింజంత మొగ్గ కనిపిస్తుంది. చోటు నచ్చితే ఆ మొగ్గ పైకి వంగి, చింతగింజంత అయి, తర్వాత ఉబ్బుతూ కూజాగా మారుతుంది. నచ్చకపోతే కొస నల్లబడి, ముడుచుకుని, అక్కడికే ఆగిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి సలహాకూ ఆ కొసే గీటురాయి.

ఏ మొక్క కొనాలి

కూజా మొక్కల ప్రజాతి పేరు నెపంథిస్. ఇందులో నూట డెబ్బైకి పైగా జాతులు ఉన్నాయి. మడగాస్కర్ నుంచి శ్రీలంక, ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా, న్యూ కాలెడోనియా దాకా ఇవి పెరుగుతాయి. వాటిలో చాలావరకు పెంకెవి. ఎత్తైన కొండల మీద పుట్టినవి రాత్రి చల్లదనం లేకపోతే క్షీణిస్తాయి, మైదానాల్లో పుట్టినవి చలికి ఓర్చుకోవు. మామూలు ఇళ్ళకు సరిపోయేది వెంట్రాటా అనే సంకరం. ఫిలిప్పీన్స్‌కు చెందిన వెంట్రికోసా, అలాటా అనే రెండు జాతుల కలయిక ఇది. సంకరం కావడం వల్ల దీనికి ఓర్పు ఎక్కువ. పది డిగ్రీల చలి నుంచి ముప్పై అయిదు డిగ్రీల వేడి దాకా ఇబ్బంది లేకుండా ఉంటుంది, నీడా తేమా ఉంటే కొద్ది రోజులపాటు అంతకు మించిన వేడినీ భరిస్తుంది. మన నర్సరీల్లో చాలాచోట్ల దీన్ని అలాటా అనే పేరుతో, లేదా ఉత్త పిచ్చర్ ప్లాంట్ అనే అమ్ముతారు. కూజా నడుము దగ్గర కొద్దిగా నొక్కుకుపోయి, కింద ఉబ్బుగా, పైకి వెళ్ళేకొద్దీ ఎరుపు తిరిగి ఉంటే అది చాలావరకు వెంట్రాటాయే.

మన దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ జాతి ఒక్కటే, మేఘాలయలోని ఖాసీ, గారో, జయంతియా కొండల ఖాసియానా. గారో కొండల్లోని బాఘ్‌మారా దగ్గర దానికోసం ప్రత్యేకంగా ఒక రక్షిత ప్రాంతం ఉంది. అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి, అడవి నుంచి తీసిన మొక్కను కొనడం అమ్మడం చట్టరీత్యా నేరం. ఖాసియానా పెంపకానికి లొంగని మొక్క కాదు, వేడికి బాగానే తట్టుకుంటుంది. అయినా మొదటిసారి పెంచేవారు వెంట్రాటాతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. మూలం తెలియని ఖాసియానా ఎంత చవకగా వచ్చినా కొనకూడదు.

కొనేటప్పుడు కూజాల సంఖ్య చూడవద్దు. నడిమధ్యలో విచ్చుతున్న లేత ఆకు గట్టిగా, నిగనిగలాడుతూ ఉందా, కాండం మొదట్లో కొత్త పిలకలు ఉన్నాయా, ఆకు అడుగున తెల్లటి పిండినల్లి ఉందా అన్నవి చూడాలి. మూడు కూజాలున్నా కుదురు బలంగా ఉన్న మొక్క పదిహేను కూజాలున్న నీరసపు మొక్క కంటే మేలు. దారిలో కూజాలు ఒలికిపోయి ఉంటే ఇంటికి రాగానే వాటిలో మూడో వంతు దాకా శుద్ధమైన నీరు పోస్తే ఎండకుండా కొన్నాళ్ళు నిలుస్తాయి. ఒలకని వాటిలో ఏమీ పోయనక్కరలేదు, ఆ రసం మొక్క స్వయంగా తయారుచేసుకున్నది.

కుండీలో మట్టి ఉండకూడదు

కూజా మొక్క పుట్టిన నేలల్లో నత్రజని వంటి పోషకాలు దాదాపు ఉండవు, అందుకే అది పురుగుల్ని పట్టడం నేర్చుకుంది. అటువంటి మొక్కకు ఎర్రమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు అన్నీ విషంతో సమానం. వేళ్ళు సన్నగా, నల్లగా, పెళుసుగా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా నలుపే కాబట్టి రంగును చూసి కుళ్ళు అనుకోకూడదు. ఆ వేళ్ళకు ఎప్పుడూ చెమ్మ ఉండాలి, అదే సమయంలో గాలీ ఆడాలి. నేను వాడే పాళ్ళు ఇవి: కొబ్బరి డొక్క ముక్కలు రెండు వంతులు, పొడవు పోగుల స్ఫాగ్నమ్ మాస్ (నీటిని పట్టి ఉంచే ఎండు నాచు) ఒక వంతు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక వంతు, గుప్పెడు కట్టెబొగ్గు ముక్కలు. తీరప్రాంతాల్లో మాస్ తగ్గించి డొక్క ముక్కలు పెంచుకోవచ్చు. పొడిగాలి ఉన్న ఊళ్ళలో మాస్ పెంచుకోవాలి. మెత్తటి కొబ్బరి పొట్టు ఒక్కటే నింపితే కొన్ని నెలల్లో అణిగి, బురదలా మారి, వేళ్ళకు ఊపిరాడనివ్వదు.

కొబ్బరి సరుకులో ఉప్పు ఉంటుందన్న సంగతిని అమ్మేవారు ఎక్కువమంది చెప్పరు. ముక్కల్ని బకెట్‌లో నానబెడితే మొదటి రోజు నీరు టీ డికాషన్ రంగులో దిగుతుంది. ఆ నీటిని పారబోసి, రోజుకోసారి మారుస్తూ మూడు నాలుగు రోజులు కడగాలి. మొదటి కడుగుళ్ళకు కుళాయి నీరు చాలు, ఆఖరి రెండు కడుగుళ్ళు మాత్రం వాననీటితోనో ఆర్‌వో నీటితోనో చేయాలి. ప్లాస్టిక్ కుండీయే మంచిది. మట్టికుండీ అందంగా ఉన్నా దాని గోడలు చెమ్మను పీల్చి ఆరబెడతాయి, నీటిలోని లవణాలను పేర్చుకుంటాయి. అడుగున రంధ్రాలు ధారాళంగా ఉన్న ఆరంగుళాల కుండీ మొదటి ఏడాదికి చాలు. ఏడాదికో రెండేళ్ళకో మిశ్రమం మార్చేటప్పుడు వేళ్ళను విడదీయకుండా, పాత ముద్దతోనే ఎత్తి కొత్త కుండీలో కూర్చోబెట్టాలి.

నీరు

ఈ మొక్క చనిపోవడానికి మన ప్రాంతంలో మొదటి కారణం బోరు నీరు. మనుషులు తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలు ఉండవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. వేరే నీటి వనరు లేని చోట అది 2000 దాకా కూడా అనుమతిస్తుంది. కూజా మొక్కకు 50 లోపు ఉంటే శ్రేష్ఠం, 100 దాటకుండా చూసుకోవాలి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఒకటి కొనుక్కుంటే ఊహాగానాలు ఉండవు. ఆర్‌వో యంత్రం నుంచి వచ్చే తాగునీరు సాధారణంగా సరిపోతుంది. కొన్ని యంత్రాల్లో రుచి కోసం లవణాలను తిరిగి కలిపే అమరిక ఉంటుంది కనుక మీటర్‌తో ఒకసారి చూసుకోవాలి. ఆర్‌వో పక్క గొట్టం నుంచి వృథాగా పోయే నీటిని మిగతా మొక్కలకు వాడుకోవచ్చేమో గానీ దీనికి మాత్రం చుక్క కూడా తగలనివ్వకూడదు. లవణాలన్నీ అందులోనే చేరి ఉంటాయి.

వాననీరు అన్నిటికంటే మంచిది. డాబా మీద మొదటి జల్లుతో దుమ్ము కొట్టుకుపోయిన తర్వాత పట్టి, మూత ఉన్న డబ్బాల్లో చీకటిగా నిలవ చేసుకుంటే నెలల తరబడి పనికివస్తుంది. ఏసీ గొట్టం నుంచి కారే నీటిలో లవణాలు చాలా తక్కువ. వేసవిలో నాకు ప్రధాన ఆధారం అదే. ఏసీ సర్వీసు చేయించిన తర్వాత మొదటి రెండు రోజుల నీటిని, చాలా కాలం తర్వాత మొదటిసారి వేసినప్పుడు వచ్చే నీటిని పారబోయాలి. వాటిలో దుమ్ము, శుభ్రపరిచే మందులు ఉంటాయి.

పోసే విధానం: కుండీని చేత్తో ఎత్తి చూడాలి. నీళ్ళు పోసిన వెంటనే ఎంత బరువుందో గుర్తుంచుకుంటే, అందులో సగానికి తగ్గినప్పుడు మళ్ళీ పోయాలని అర్థమవుతుంది. పోసినప్పుడు అడుగు రంధ్రాల నుంచి ధారగా బయటికి వచ్చేటంత పోయాలి, అప్పుడే పేరుకున్న లవణాలు కొట్టుకుపోతాయి. కుండీని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టకూడదు. అమెరికాలో చిత్తడి నేలల్లో పెరిగే కూజా మొక్క వేరే ఉంది, సారసీనియా. దానికి నీళ్ళ పళ్ళెం కావాలి కాబట్టి అంతర్జాలంలో ఆ సలహా కనిపిస్తుంది. దాన్ని నెపంథిస్‌కు పాటిస్తే వేరు కుళ్ళు తప్పదు. పైగా మన ఊళ్ళలో నిలవ నీటి పళ్ళెం డెంగీ దోమకు నిలయం. తేమ కోసం పళ్ళెం పెట్టినా అందులో గులకరాళ్ళు వేసి, రాళ్ళ మీద కుండీ నిలిపి, వారానికోసారి పళ్ళేన్ని రుద్ది ఆరబెట్టాలి.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ బాల్కనీ

తెలంగాణలోని ఎక్కువ ఊళ్ళకూ రాయలసీమకూ వర్తించే కష్టం ఒక్కటే, పొడిగాలి. హైదరాబాద్‌లో జులై నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమ ధారాళంగా ఉంటుంది, ఆ నాలుగు నెలలూ మొక్క తనంతట తానే కూజాలు దింపుతుంది. మార్చి వచ్చేసరికి మధ్యాహ్నపు తేమ ముప్పై శాతానికి అటూ ఇటూ పడిపోతుంది. వెంట్రాటా నలభై శాతం తేమలో ఆకులు వేస్తూ బతుకుతుంది, కూజా కట్టడానికి మాత్రం యాభై పైన ఉంటేనే బాగుంటుంది. అందువల్ల మొక్క తెచ్చుకోవడానికి సరైన కాలం తొలకరి. జూన్ చివర కొంటే చలికాలం లోపు మన ఇంటి గాలికి అలవాటుపడిన ఆకులు అయిదారు వేసుకుంటుంది. ఫిబ్రవరి మార్చి నెలల్లో కొంటే నర్సరీ తేమ నుంచి నేరుగా వడగాడ్పులోకి తోసినట్టే అవుతుంది.

తూర్పు బాల్కనీ ఉన్నవారు అదృష్టవంతులు. ఉదయం రెండు మూడు గంటల లేత ఎండ, ఆ తర్వాత రోజంతా వెలుతురు, ఈ మొక్కకు ఇంతకంటే కావలసింది లేదు. దక్షిణం, పడమర బాల్కనీల్లో యాభై శాతం షేడ్ నెట్ కట్టాలి, కుండీని గోడకు ఆనించకుండా వేలాడదీయాలి. పడమటి గోడ సూర్యుడు కుంగిన తర్వాత కూడా రెండు మూడు గంటలు వేడి కక్కుతూనే ఉంటుంది. ఉత్తరపు బాల్కనీలో వేసవిలో సుఖంగా ఉంటుంది, చలికాలంలో వెలుతురు చాలక కూజాలు ఆగవచ్చు. వెలుతురు సంగతి ఆకు రంగే చెబుతుంది: ముదురాకుపచ్చగా, పొడవుగా, మెత్తగా సాగితే వెలుతురు తక్కువ, కొద్దిగా ఎర్రజీర తిరిగి గట్టిగా ఉంటే సరిగ్గా ఉంది, తెల్లటి లేదా గోధుమరంగు మచ్చలు కాలినట్టు వస్తే ఎండ మితిమీరింది.

పై అంతస్తుల్లో ఎండ కంటే గాలి ఎక్కువ నష్టం చేస్తుంది. ఏడో అంతస్తు బాల్కనీలో ఏప్రిల్ గాలికి నులితీగల కొసలు రెండు రోజుల్లో నల్లబడడం నేను చూశాను. అదే మొక్కను బట్టలు ఉతికే చోటుకు, మూడు వైపులా గోడ ఉన్న మూలకు మార్చాను. తర్వాత వచ్చిన రెండో ఆకు నుంచి మొగ్గలు మళ్ళీ ఉబ్బాయి. నీరు, మిశ్రమం, ఎండ ఏవీ మారలేదు. కాబట్టి గాలి కొట్టే వైపున వట్టివేళ్ళ తడిక గానీ తడి గోనెపట్టా గానీ కట్టడం, చుట్టూ ఫెర్నులు, మనీప్లాంట్ వంటి ఆకుమొక్కలు గుంపుగా పెట్టడం, ఇసుక పోసిన వెడల్పాటి పళ్ళేన్ని తడుపుతూ దాని పైన మొక్కను వేలాడదీయడం వంటి ఏర్పాట్లు నిజంగా పనిచేస్తాయి. స్ప్రే సీసాతో రోజుకు నాలుగుసార్లు నీళ్ళు చల్లడం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. పొడిగాలిలో ఆ తడి పది నిమిషాలు కూడా నిలవదు, బోరు నీటితో చల్లితే ఆకుల మీద తెల్లటి ఉప్పు మచ్చలు మిగులుతాయి.

ఇంటి లోపల పెట్టేవారు ఏసీకీ ఎయిర్ కూలర్‌కీ ఉన్న తేడాను గమనించాలి. ఏసీ గదిలోని తేమను లాగి బయటికి పంపుతుంది, అందుకే దాని గొట్టంలో నీరు కారుతుంది. కూలర్ నీటిని ఆవిరిచేసి గాలిలో కలుపుతుంది. మే నెలలో కూలర్ ఉన్న గదిలో కిటికీ దగ్గర, నేరుగా గాలి తగలని చోట వేలాడదీసిన మొక్క బాల్కనీలోని మొక్క కంటే ఎంతో నయంగా ఉంటుంది. ఏసీ గది తప్ప వేరే చోటు లేకపోతే పాత అక్వేరియం తొట్టిలో, పైన అద్దం సగం మూసి పెంచుకోవచ్చు, అయితే వెంట్రాటా తీగజాతి కాబట్టి రెండేళ్ళలో ఆ తొట్టి చాలదు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం: తీరం వెంబడి

సముద్రతీరంలో ఉన్నవారికి తేమ గురించి ఆలోచించే పని లేదు. మనకు ఉక్కపోత అనిపించే గాలే ఈ మొక్కకు ప్రాణం. విశాఖ వంటి ఊళ్ళో తూర్పు వరండాలోనో, జామచెట్టు పలుచటి నీడలోనో వేలాడదీసి, మంచి నీరు పోస్తే చాలావరకు పని అయిపోయినట్టే. అక్కడ చూసుకోవలసినవి వేరు. తీరప్రాంతపు బోర్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి నీటి విషయంలో రాజీ పడకూడదు. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్ళలో ఉప్పుగాలి ఆకుల మీద పేరుకుంటుంది, వారానికోసారి వాననీటితో ఆకుల్ని కడగాలి. వర్షాకాలంలో వారాల తరబడి తడి ఆరకపోతే ఆకుల మీద నల్లటి శిలీంధ్రపు మచ్చలు వస్తాయి, దానికి మందు కంటే గాలి ఆడేలా మొక్కల మధ్య ఎడం పెంచడమే ముందుగా చేయవలసిన పని. వానలో తడవడం వల్ల హాని లేదు. కూజా మీది మూత వాననీరు ధారగా లోపల పడకుండా కొంతవరకు కాపాడుతుంది. అక్టోబరు, నవంబరు తుపాను హెచ్చరికలు వచ్చినప్పుడు మాత్రం లోపలికి తెచ్చుకోవాలి, గాలికి తీగ విరిగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది.

విజయవాడ, ఖమ్మం, రామగుండం, అనంతపురం: మండుటెండల ఊళ్ళు

నలభై రెండు, నలభై నాలుగు డిగ్రీలు పలికే ఊళ్ళలో వేసవి లక్ష్యం మొక్కను బతికించుకోవడం ఒక్కటే. రోహిణీ కార్తెలో కూజాలు ఆశించకూడదు. ఉన్న కూజాలు ఎండినా, కొసలు నల్లబడినా, నడిమి లేత ఆకు ఆకుపచ్చగా ఉన్నంతవరకు కంగారు పడనవసరం లేదు. ఆ రెండు నెలలు ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో, ఉత్తరపు కిటికీ దగ్గర ఉంచాలి. నీళ్ళు సాయంత్రం చల్లబడ్డాక పోయాలి, ఎండలో కాగిన కుండీలో పట్టపగలు నీళ్ళు పోస్తే వేళ్ళు ఉడికిపోతాయి. నల్ల కుండీ అయితే దాన్ని కాస్త పెద్ద తెల్ల కుండీలో దించి, మధ్య సందులో తడి మాస్ కూరితే వేళ్ళకు వేడి తగ్గుతుంది. పగటి వేడి కంటే రాత్రి కూడా ముప్పై దిగని ఉక్కే ఈ మొక్కను ఎక్కువ అలసటకు గురిచేస్తుంది. దీని పూర్వీకులు కొండవాసులు కాబట్టి రాత్రి నాలుగైదు డిగ్రీలైనా చల్లబడాలని కోరుకుంటుంది.

పెరడు ఉన్న సొంత ఇళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. నీళ్ళ గాబు పక్కన, కరివేపాకు చెట్టు కింద, పొద్దున సాయంత్రం నేల తడుపుతూ ఉండే చోట మొక్కను భుజం ఎత్తున వేలాడదీస్తే, డాబా మీద కంటే గాలిలో తేమ స్పష్టంగా ఎక్కువగా ఉంటుంది. పది పదిహేను వందల రూపాయల ఖర్చుతో కట్టే ఏర్పాటు కంటే ఆ మూల మేలు. మృగశిర దాటి, గాలి మెత్తబడి, రెండు మంచి వానలు పడిన తర్వాత ఎండిన కొసలన్నీ కత్తిరించి, మిశ్రమాన్ని వాననీటితో బాగా కడిగి మళ్ళీ ఆరుబయట పెట్టాలి. జులై ఆఖరుకు మొగ్గలు ఉబ్బుతాయి.

అరకు, బెంగళూరు వంటి ఎత్తైన చోట్ల ఉన్నవారికి ఈ బాధలేవీ ఉండవు. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల కిందికి దిగినప్పుడు లోపలికి తెచ్చుకోవడం, చలికాలంలో నీరు తగ్గించడం గుర్తుంచుకుంటే చాలు.

విదేశాల్లో ఉన్న మనవారి ఇళ్ళు

న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉన్న తెలుగు కుటుంబాలకు కష్టకాలం వేసవి కాదు, హీటర్ వేసిన చలికాలం. హీటర్ నడిచే ఇంట్లో తేమ హైదరాబాద్ ఏప్రిల్ మధ్యాహ్నంతో సమానంగా పడిపోతుంది, పగటి వెలుతురు తొమ్మిది గంటలకు తగ్గుతుంది. దక్షిణపు కిటికీ దగ్గర, హీటర్ గాలి వచ్చే జాలీకి దూరంగా పెట్టాలి. మొక్కకు అడుగు ఎత్తున తెల్లటి ఎల్ఈడీ దీపాన్ని రోజుకు పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు వెలిగించి, పక్కనే చిన్న హ్యూమిడిఫయర్ నడిపితే జనవరిలో కూడా కూజాలు వస్తాయి. కిటికీ అద్దానికి ఆకులు ఆనకూడదు, అద్దపు చలికి అవి నల్లబడతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా చెట్టు నీడలో ఆరుబయట ఉంచితే ఏడాదికి సరిపడా బలం పుంజుకుంటుంది. సింగపూర్‌లో ఉన్నవారికి ఏ ఏర్పాటూ అక్కరలేదు, అక్కడ నెపంథిస్ జాతులు కొన్ని సహజంగానే పెరుగుతాయి.

సెలవులకు వచ్చి వెళ్ళేటప్పుడు సంచిలో మొక్కో కొమ్మో పట్టుకెళ్ళాలని అనుకోవద్దు. నెపంథిస్ ప్రజాతి మొత్తం, ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పరిధిలో ఉంది. అందులోనూ ఖాసియానా అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. ఉన్న దేశంలోనే పెంపకందారుల దగ్గర వెంట్రాటా సులువుగా దొరుకుతుంది.

ఆహారం: మనం పెట్టవలసింది చాలా తక్కువ

ఆరుబయట ఉన్న మొక్క తన తిండి తానే చూసుకుంటుంది. ఒకసారి ఎండిన కూజాను నిలువునా కోసి చూడండి. పైభాగం లోపలి గోడ మైనం పూసినట్టు బూడిదరంగులో జారుడుగా, కింది భాగం నిగనిగలాడుతూ చుక్కచుక్కలుగా గ్రంథులతో ఉంటుంది. అడుగున నల్లటి మడ్డిలో వందలకొద్దీ చీమల తలలు, ఈగల రెక్కలు, ఒక్కోసారి బొద్దింక కాలు కనిపిస్తాయి. మెత్తటి భాగమంతా కరిగి మొక్కలోకి వెళ్ళిపోగా మిగిలిన పెంకులవి. మూత మూసుకుని పురుగును బంధిస్తుందని చాలామంది అనుకుంటారు, పిల్లలకు కూడా అలాగే చెబుతారు. అది నిజం కాదు. కూజా తయారయ్యే దాకా మూత అతుక్కుని ఉంటుంది, ఒకసారి విచ్చుకున్నాక మళ్ళీ మూసుకోదు. అంచున ఊరే తేనె కోసం వచ్చిన చీమ, తడిసిన అంచు మీద కాలు జారి లోపల పడుతుంది.

ఇంటి లోపల పెట్టిన మొక్కకు మాత్రం నెలకో రెండు నెలలకో ఒకసారి, బాగా విచ్చిన రెండు మూడు కూజాల్లో ఒక్కొక్క పురుగు చొప్పున వేస్తే సరిపోతుంది. చేపలకు వేసే ఎండు పురుగుల మేత చిటికెడు వేసినా చాలు. మాంసం ముక్కలు, పాలు, గుడ్డు, అన్నం వేయకూడదు. అవి జీర్ణం కాకముందే కుళ్ళి కూజానే కుళ్ళబెడతాయి. కుండీలో ఏ ఎరువూ వేయకూడదన్న మాటకు మినహాయింపు లేదు.

కూజాల్లోని నీటిని మార్చడం, పిల్లలు వేలు పెట్టి కెలకడం మాన్పించాలి. ఎండుతున్న కూజా సగం ఆకుపచ్చగా ఉన్నంతకాలం జీర్ణక్రియ జరుగుతూనే ఉంటుంది, అందుకని పూర్తిగా ఎండాకే కత్తిరించాలి. అప్పుడు కూడా కూజా వరకే కోయాలి. దాన్ని మోసిన ఆకు ఇంకా నెలల తరబడి మొక్కకు ఆహారం తయారుచేస్తుంది.

పురుగులు

పురుగుల్ని తినే మొక్కకే పురుగు పట్టడం వింతగా తోచవచ్చు. రసం పీల్చే పిండినల్లి, పొలుసు పురుగు ఆకుల మొదళ్ళలో దాక్కుంటాయి, ఎండాకాలంలో ఎర్రనల్లి, తామర పురుగులు వస్తాయి. చీమలు మొక్కకు ఆహారమే అయినా, పిండినల్లిని మోసుకొచ్చి కాపలా కాసేవీ అవే, కాబట్టి చీమలు కూజా అంచున కాక ఆకు మొదళ్ళ దగ్గర బారులు తీరితే అక్కడ వెతకాలి. కొద్దిగా ఉన్నప్పుడే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచేయాలి. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి మూడు నాలుగు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి, ముందు ఒక ఆకు మీద పరీక్షించి, సాయంత్రం పూట పిచికారీ చేయాలి. పిచికారీ వేళ కూజాల నోళ్ళకు పలుచటి ప్లాస్టిక్ కాగితం కట్టడం మరచిపోకూడదు.

తీగ పొడుగైతే

మూడో ఏడు వచ్చేసరికి వెంట్రాటా మీటరుకు పైగా పాకి, ఆకుల మధ్య ఎడం పెరిగి, సన్నటి పైకూజాలు వేస్తుంది. కింది కూజాల్లా ఇవి బొద్దుగా ఉండవు, వాటి అందం వేరు. తీగను కిటికీ ఊచకో పందిరి తీగకో పాకించుకోవచ్చు, లేదా కత్తిరించి కొత్త మొక్కలు చేసుకోవచ్చు. కత్తిరిస్తే కుదురులో నుంచి కొత్త పిలకలు వచ్చి, మళ్ళీ బొద్దు కూజాలు దిగుతాయి. దీనికి ముసురుపట్టే ఆషాఢ శ్రావణాలు అనువైన కాలం.

పదునైన బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు కణుపులు ఉండేలా కాండాన్ని ముక్కలు చేయాలి. ఒక్కొక్క ఆకును సగానికి కోసేస్తే నీరు ఆవిరయ్యేది తగ్గుతుంది. కింది కణుపు మునిగేలా తడి స్ఫాగ్నమ్‌లో గుచ్చి, మాస్‌ను పిండినప్పుడు ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడి ఉంచి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి కప్పి, ఎండ తగలని వెలుతురులో పెట్టాలి. రెండు వారాలకు కణుపు పక్కన ఆకుపచ్చటి మొలక తలెత్తినా దాన్ని చూసి సంచి తీసేయకూడదు, కొమ్మలోని నిలవ బలంతో వేళ్ళు లేకుండానే అది రాగలదు. వేళ్ళకు ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది, లాగి చూస్తే అవి తెగిపోతాయి. వచ్చిన కొత్త ఆకు చివర నులితీగ సాగి, దాని కొసన మొగ్గ ఉబ్బడం మొదలైన తర్వాత సంచికి ఒక్కొక్క చిల్లు పొడుస్తూ, పది పదిహేను రోజుల్లో పూర్తిగా తీసేయాలి.